జపనీస్ మాట్లాడేవాళ్లలో మానసిక సమస్యల పట్ల వైఖరినీ సిగ్గునూ కొలవడం ఎలా: సర్వే చేసేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

సైకాలజీలో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, జపాన్ యూనివర్సిటీల్లో చేరిన మనవాళ్లు, అక్కడ హెచ్‌ఆర్ పనిలో ఉన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "జపనీస్ వాళ్ల మీద స్టిగ్మా (మానసిక సమస్య ఉన్నవాళ్ల పట్ల చిన్నచూపు) సర్వే చేయాలి, ఏ స్కేల్ (కొలిచే ప్రశ్నల జాబితా) వాడాలి?" స్కేల్ పేరు చెప్పడం నిమిషం పని. చిక్కంతా దానికి ముందూ వెనకా ఉంది. ప్రశ్నలు జపనీస్‌లో ఎలా వినిపిస్తాయి, ఎవరిని ఎప్పుడు అడగాలి, వచ్చిన అంకెలతో ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నది తేలకుండా గూగుల్ ఫామ్ తెరిచేస్తే ఆర్నెల్ల శ్రమ గంగలో కలుస్తుంది. అందుకే వరసగా రాస్తున్నాను.

1. ముందు తేల్చుకోండి: ఎవరి కళ్లలో సిగ్గు?

"సిగ్గు" అని ఒక్క మాటతో మొదలుపెడితే చివరికి ఒక్క మొత్తం స్కోరు చేతికొస్తుంది, దాంతో దేనికీ జవాబు దొరకదు. కింది ఐదూ వేర్వేరు విషయాలు:

- మా చుట్టూ ఉన్నవాళ్లు, మా ఇంట్లోవాళ్లు మానసిక సమస్యల్ని ఎలా చూస్తారు (వైఖరి)
- నాకే ఆ సమస్య వస్తే వాళ్లు నన్ను తక్కువగా చూస్తారా (బయటి సిగ్గు)
- నన్ను నేనే తక్కువ చేసుకుంటానా (లోపలి సిగ్గు)
- నా వల్ల ఇంటి పరువు పోతుందా (కుటుంబం మీద పడే సిగ్గు)
- ఇంట్లో ఇంకొకరికి వస్తే నాకు తలవంపులా (నా మీద పడే సిగ్గు)

మనిషి సొంత అభిప్రాయమూ "అందరూ ఇలా అనుకుంటారు" అని అతను ఊహించేదీ ఒకటి కాకపోవచ్చు. ఆస్ట్రేలియా, జపాన్ ప్రజల్ని పోల్చి 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో సొంత స్టిగ్మా, దూరం పెట్టాలన్న కోరిక ఎక్కువగా జపాన్ వైపే కనిపించాయి; "మిగతావాళ్లు చిన్నచూపు చూస్తారు" అన్న అంచనా మాత్రం ఆస్ట్రేలియాలోనే ఎక్కువ. జపాన్ అనగానే నలుగురు ఏమనుకుంటారో అన్న భయమే తలకెక్కించుకుని కూర్చునేవాళ్లు ఈ ఫలితాన్ని ఓసారి తీరిగ్గా చూడాలి.

మీ పరిశోధన ప్రశ్నని ఒక వాక్యంలో రాసి, ఈ ఐదింటిలో దేనికి సంబంధించిందో పక్కన రాసుకోండి. రాయలేకపోతే రెండో మెట్టు ఎక్కొద్దు.

2. స్కేల్ ఎంచుకోవడం

ఈ ఐదింటినీ విడివిడిగా కొలిచే స్కేల్ ఒకటుంది. పాల్ గిల్బర్ట్ బృందం 2007లో తెచ్చిన "యాటిట్యూడ్స్ టువర్డ్స్ మెంటల్ హెల్త్ ప్రాబ్లమ్స్ స్కేల్". మొత్తం 35 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు. చుట్టూ ఉన్నవాళ్ల వైఖరికి 4, కుటుంబ వైఖరికి 4, బయటి సిగ్గుకి చుట్టూ ఉన్నవాళ్ల వైపు నుంచి 5, కుటుంబం వైపు నుంచి 5, లోపలి సిగ్గుకి 5, కుటుంబం మీద పడే సిగ్గుకి 7, నా మీద పడే సిగ్గుకి 5. దీన్ని జపాన్ ఉద్యోగుల మీద వాడిన పరిశోధన 2019లో వచ్చింది, జపనీస్ రూపమూ ఉంది.

ఇది పుట్టింది బ్రిటన్‌లో, దక్షిణాసియా కుటుంబాల అమ్మాయిల్ని, మిగతావాళ్లని పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలో. వెనకున్న ఆలోచన ఇజ్జత్, అంటే మన పరువే. సంబంధాలు చూసేటప్పుడు "ఆ ఇంట్లో ఒకరికి మతి సరిగ్గా ఉండదట" అన్న మాట ఏం చేస్తుందో తెలిసిన తెలుగువాళ్లకి ఆ చివరి రెండు భాగాలు వెంటనే ఎక్కుతాయి. అదే ప్రమాదం కూడా, ఎందుకంటే మనకి సహజంగా అనిపించినంత మాత్రాన జపనీస్ మనిషికీ అదే అర్థం తడుతుందని లేదు.

మిగతా వాటి గురించి క్లుప్తంగా:

- లింక్ అనే పరిశోధకుడి స్కేల్, 12 ప్రశ్నలు: "సమాజం ఎలా చూస్తుంది" అన్నది మాత్రమే కావాలంటే.
- ఐఎస్ఎంఐ, 29 ప్రశ్నలు: తమ జబ్బు గురించి తామే తక్కువ చేసుకుంటారా అన్నది, రోగ నిర్ధారణ అయినవాళ్లకి మాత్రమే. మామూలు విద్యార్థులకి ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి ఇవ్వకండి.
- ఆర్ఐబీఎస్, 8 ప్రశ్నలు: అలాంటి వ్యక్తితో కలిసి ఉండడం, పనిచేయడం లాంటి ప్రవర్తన గురించి.
- వోగెల్ బృందం 2006 స్కేల్, 10 ప్రశ్నలు: సాయం అడగడమే నామోషీగా అనిపిస్తుందా అన్నది.

వీటన్నిటికీ జపనీస్ రూపాలున్నాయి. ముందు వాటిని వెతికి, తయారుచేసినవాళ్లకి మెయిల్ రాసి అనుమతి అడగండి. ఉన్న రూపాన్ని వదిలేసి సొంత అనువాదం మొదలుపెట్టడం చాలామంది చేసే మొదటి తప్పు. పాత రూపంలో ఏదైనా నచ్చకపోతే ఏ ప్రశ్న, ఎందుకు అన్నది రాసి, అది మాత్రమే మార్చండి.

3. జపనీస్‌లోకి తేవడం

సొంతంగా అనువదించక తప్పని పరిస్థితి వస్తే వరస ఇది: ఇద్దరు విడివిడిగా జపనీస్‌లోకి అనువదిస్తారు, ఆ రెండిట్నీ కూర్చుని ఒకటి చేస్తారు, అసలు ఇంగ్లిష్ చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు, తేడాలు చూసి సరిచేస్తారు, తర్వాత మామూలు మనుషుల చేత చదివిస్తారు. తిరుగు అనువాదం అసలుతో అచ్చంగా సరిపోయిందని సంబరపడకండి. మక్కికి మక్కి దించిన వాక్యమే అన్నిటికంటే బాగా వెనక్కి వస్తుంది.

ఎక్కువ సమయం పట్టేవి నాలుగు.

"మై కమ్యూనిటీ": బ్రిటన్‌లోని దక్షిణాసియా అమ్మాయికి ఈ మాట వినగానే తనవాళ్లు, చుట్టాలు, పెళ్లిళ్లలో కనిపించే ముఖాలు గుర్తొస్తాయి. జపనీస్‌లో దీన్ని "చిఇకి షకాయి" (స్థానిక సమాజం) అని రాస్తే వార్డు ఆఫీసు, చెత్త వేసే రోజులు, పేట సంఘం గుర్తొస్తాయి. టోక్యోలో ఒంటరిగా ఒక గదిలో ఉండే ఉద్యోగికి పక్కింటివాళ్ల పేరే తెలియదు, అతను 0 పెడతాడు. అది సిగ్గు లేకపోవడం కాదు, ఆ ప్రశ్నకి అతని బతుకులో చోటు లేకపోవడం. పోనీ "సెకెన్" (లోకం, నలుగురు) అని రాస్తే ఆ మాటలోనే నలుగురు వేలెత్తి చూపడం ఉంది, స్కోర్లు పైకెళ్తాయి. నేనైతే "మవారి నో హితో", అంటే చుట్టూ ఉన్నవాళ్లు, అని పెట్టి, సూచనలో "ఉద్యోగం, చదువు, ఇరుగుపొరుగు, పరిచయస్తులు" అని విడమరుస్తాను.

సమస్యకి పెట్టే పేరు: "సెయిషిన్ షిక్కాన్" (మానసిక వ్యాధి) అని రాస్తే ఆసుపత్రి వాసనొస్తుంది, "మెంటరు ఫుచో" (మనసు బాగోలేకపోవడం) అని రాస్తే ఆఫీసులో సెలవు పెట్టే స్థాయి. పేరు మారితే జవాబు మారుతుందన్న సంగతి జపాన్ వైద్యులకి బాగా తెలుసు. స్కిజోఫ్రీనియాకున్న పాత జపనీస్ పేరు "మనసు చీలిన జబ్బు" అన్నట్టు వినిపించేది, 2002లో దాన్ని అధికారికంగానే మార్చేశారు. కాబట్టి ఒకే పేరు ఎంచుకుని, "డిప్రెషన్, ఆందోళన లాంటివి" అని రెండు ఉదాహరణలిచ్చి, 35 ప్రశ్నల్లోనూ అదే పేరు వాడండి.

"నేను": ఇంగ్లిష్‌లో ప్రతి వాక్యంలోనూ ఐ ఉంటుంది. జపనీస్‌లో కర్తని వదిలేయడమే సహజం. కానీ ఇక్కడ వదిలేస్తే ఎవరు ఎవరిని తక్కువగా చూస్తున్నారో తికమక అవుతుంది, మనం ఒకటో మెట్టులో విడదీసిందే ఇక్కడ కలిసిపోతుంది. లోపలి సిగ్గు, బయటి సిగ్గు ప్రశ్నల్లో కాస్త గట్టిగా వినిపించినా "వతాషి" (నేను) ఉంచండి.

జవాబు మాటలు: నాలుగు ఎంపికలకీ విడివిడిగా మాటలు రాయండి. "మత్తకు సో ఒమొవనాయి" (అస్సలు అలా అనుకోను, 0) నుంచి "తోతెమో సో ఒమోఉ" (గట్టిగా అలాగే అనుకుంటాను, 3) దాకా, మధ్య రెండిటికీ కూడా. మధ్యలో "దోచిరా తొమో ఇయెనాయి", అంటే ఎటూ చెప్పలేను, అన్నది చేర్చారో సగం మంది అక్కడే ఆగిపోయే అవకాశముంది. జపనీస్ విద్యార్థులు మధ్య గడివైపు ఎక్కువ మొగ్గుతారని 1990ల నాటి పోలికల్లోనే కనబడింది. ఈ స్కేల్‌కి నాలుగే ఎంపికలుండటం మనకి కలిసొచ్చింది, దాన్ని చెడగొట్టుకోకండి.

4. మామూలు మనుషుల చేత చదివించడం

వయసు, చదువు, ఊరు వేర్వేరుగా ఉన్న ఎనిమిది పది మందితో ఒక్కొక్కరిగా కూర్చోండి. "అర్థమైందా?" అని అడిగితే వచ్చే జవాబు "దాయిజోబు దెస్", పర్లేదు అని. మొహమాటంలో మనకంటే ఒక ఆకు ఎక్కువే చదివారు. అందుకని ఇలా అడగండి:

- ఈ ప్రశ్నని మీ మాటల్లో చెప్పండి.
- "చుట్టూ ఉన్నవాళ్లు" అన్నప్పుడు ఎవరి ముఖం గుర్తొచ్చింది?
- 1 పెట్టారు, 2 ఎందుకు పెట్టలేదు?
- ఇది మీ అమ్మగారిని అడిగితే ఎలా ఉంటుంది?

చివరి ప్రశ్న బాగా పనిచేస్తుంది. తన గురించి చెప్పనిది అమ్మ మీద పెట్టి చెప్తారు. ఒకాయన పెన్ను గడి దగ్గర పెట్టి "ఉమ్మ్..." అంటూ తల ఓ పక్కకి వంచి, "ఇది నా సొంత కుటుంబమా, మా అమ్మానాన్నల ఇల్లా?" అన్నాడనుకోండి, ఆ ప్రశ్నని మార్చాల్సిందే. పెళ్లయినవాళ్లకి కుటుంబం అంటే ఏదో సూచనలో చెప్పాలి.

ఇంటర్వ్యూ చేసేది జపనీస్ సొంత భాష అయిన మనిషే కావాలి. మీకు ఎన్1 (జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికంటే పై స్థాయి) ఉన్నా సరే, మీరు పక్కన కూర్చుని రాసుకోండి.

5. అనుమతులు, భద్రత

జపాన్ చట్టంలో రోగ చరిత్ర ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యక్తిగత సమాచారం కిందికి వస్తుంది, 2017 నుంచి ఆ వర్గం అమల్లో ఉంది. "మీకు ఎప్పుడైనా డిప్రెషన్ అని డాక్టర్ చెప్పారా?" అన్న ఒక్క గడి పెట్టినా దానికి విడిగా స్పష్టమైన సమ్మతి అడగండి. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటే చాలదు, జపాన్‌లో మనుషుల్ని చేర్పించే భాగస్వామి ఉంటే వాళ్ల కమిటీనీ అడగాలి. అక్కడ మేజర్ వయసు 2022 ఏప్రిల్ నుంచి 18. పాత ఫారాల్లో 20 అని ఉంటుంది, చూసుకోండి.

కంపెనీల్లో చేసేవాళ్లకి ఒక మాట. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట ఏటా స్ట్రెస్ చెక్ (ఉద్యోగుల మానసిక ఒత్తిడిని చూసే ప్రశ్నాపత్రం) జరపడం 2015 డిసెంబర్ నుంచి తప్పనిసరి, ఫలితం ఉద్యోగి ఒప్పుకోకుండా యజమానికి వెళ్లదు. మీ సర్వేని దాంతో కలిపి పంపితే ఉద్యోగి రెండిట్నీ ఒకే గాటన కట్టేస్తాడు. మేనేజర్ ద్వారా లింకు పంపించడం అసలే వద్దు. అలా వచ్చిన జవాబుల్లో కనిపించేది తతెమాయె, పైకి చూపించే ముఖం.

దిగులు, ఆందోళన లాంటి మానసిక బాధ కూడా కొలవాలంటే కే6 అనే స్కేల్ తీసుకోండి, ఆరే ప్రశ్నలు, 0 నుంచి 24 వరకు స్కోరు. డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి అడుగుతుంది. పేరు లేని ఆన్‌లైన్ సర్వేలో ఎవరైనా దానికి "రోజూ" అని పెడితే మీరు ఏం చేయగలరు? ఏమీ చేయలేనప్పుడు అడగొద్దు. ఏది వాడినా చివరి పేజీలో "ఇనోచి నో దెన్వా" లాంటి జపనీస్ హెల్ప్‌లైన్ల వివరాలు పెట్టండి, సర్వే మొదలుపెట్టే రోజున ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో చూడండి.

6. ప్రశ్నాపత్రం పేర్చడం

సమ్మతి, సూచన, సిగ్గు స్కేల్, పోల్చడానికి పెట్టిన రెండో స్కేల్, తర్వాత కే6, చివర్లో వయసు వగైరా. కే6 ముందు పెడితే దిగులు గురించి ఆలోచించిన మనసుతోనే సిగ్గు ప్రశ్నలకి వస్తారు.

కాగితం మీదైతే "అంకె చుట్టూ సున్నా చుట్టండి" అనండి, టిక్కు పెట్టమనకండి. జపాన్ బడుల్లో సరైన జవాబుకి సున్నా చుడతారు, టిక్కు తప్పుకి గుర్తు.

పుట్టిన సంవత్సరం అడగకండి, వయసు అడగండి. పెద్దవాళ్లు షోవా, హెయిసెయి అనే చక్రవర్తుల కాలాల లెక్కలో రాస్తారు, మీకు తలనొప్పి.

విడుదలకి ముందు సరిచూసుకోండి:

- ఫోన్‌లో ఒక పేజీకి ఏడెనిమిది ప్రశ్నలు మించలేదు
- 35 ప్రశ్నల్లోనూ సమస్య పేరు ఒకటే
- "చుట్టూ ఉన్నవాళ్లు", "కుటుంబం" అంటే ఎవరో సూచనలో ఉంది
- ఏ ప్రశ్ననైనా వదిలేసి వెళ్లే వీలుంది
- "ఈ ప్రశ్నకి రెండోది ఎంచుకోండి" లాంటి శ్రద్ధ ప్రశ్న ఒక్కటే ఉంది (మూడు పెడితే మర్యాదగా ఉండదు, అక్కడి జనం నొచ్చుకుంటారు)
- వెనక్కి వెళ్లే బటన్ పనిచేస్తోంది

7. ఎవరిని, ఎప్పుడు, ఎంతమందిని

ప్రశ్నకి పదిమంది అన్న మోటు లెక్కలో 35 ప్రశ్నలకి 350. శుభ్రం చేశాక అంత మిగలాలంటే ఇంకాస్త ఎక్కువే పోగేయాలి. క్రౌడ్‌వర్క్స్, లాన్సర్స్ లాంటి జపనీస్ సైట్ల ద్వారా మనుషులు త్వరగా దొరుకుతారు, కానీ అందరూ ఆన్‌లైన్‌లో పనికి అలవాటుపడ్డవాళ్లే. ముసలివాళ్లు, పల్లెలవాళ్లు కావాలంటే కాగితం, తపాలా తప్పదు.

"జపనీస్ మాట్లాడేవాళ్లు" అంటే ఎవరు అన్నదీ ఇక్కడే తేల్చండి. జపాన్‌లో పుట్టి పెరిగినవాళ్లా, బ్రెజిల్ నుంచి తిరిగొచ్చిన జపనీస్ సంతతివాళ్లా, హైదరాబాదులో పోస్టింగ్ మీద ఉన్న ఉద్యోగులా? అందర్నీ ఒకే గంపలో వేయకండి.

సమయం విషయానికొస్తే, అక్కడ కొత్త చదువులు, కొత్త ఉద్యోగాలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. గోల్డెన్ వీక్ సెలవులయ్యాక మే నెలలో వచ్చే నీరసానికి "గొగత్సుబ్యో" అని పేరే ఉంది. మేలో ఒక గుంపుని, అక్టోబరులో ఇంకో గుంపుని అడిగి పోలిస్తే మీరు కొలిచింది ఋతువుని కూడా.

రెండు వారాల తర్వాత కొంతమందిని మళ్లీ అడగండి. పేరు లేకుండా జత కలపడానికి కోడ్ కావాలి: పుట్టిన తేదీలో రోజు, రక్తం గ్రూపు, ఫోన్ చివరి రెండంకెలు. జపాన్‌లో రక్తం గ్రూపుని బట్టి స్వభావం చెప్పుకునే సరదా ఉంది కాబట్టి దాదాపు అందరికీ తమ గ్రూపు తెలుసు. మన దగ్గర ఈ కోడ్ పనిచేయదేమో!

8. డేటా శుభ్రం చేయడం

ఫైల్ తెరవగానే అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తే కంగారుపడకండి, షిఫ్ట్-జిస్ అనే జపనీస్ అక్షర పద్ధతిలో (ఎన్‌కోడింగ్) ఉన్న ఫైల్‌ని యూటీఎఫ్-8 అనే వేరే పద్ధతిలో చదువుతున్నారన్నమాట. ఎన్‌కోడింగ్ మార్చి తెరవండి. అసలు ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ మాత్రం చేయొద్దు.

వయసు గడిలో 25 ఉన్నా, గణాంకాలకి వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ దాన్ని అంకెగా తీసుకోకపోతే, అది జపనీస్ కీబోర్డులో కొట్టిన వెడల్పాటి 25. వెడల్పాటి అక్షరాల్ని మామూలు అక్షరాలుగా మార్చే ఎన్ఎఫ్‌కేసీ మార్పు ఒక్క లైనులో అయిపోతుంది. ఇది తెలియక ఆ వరసలన్నీ తీసేసేవాళ్లున్నారు, అప్పుడు మీ శాంపుల్‌లోంచి ఒక రకం మనుషులే మాయమైపోతారు.

అన్నిటికీ ఒకే అంకె పెట్టినవాళ్ల సంగతి కాస్త చూసి చేయాలి. లోపలి సిగ్గు ఐదింటికీ 0 పెట్టడం నిజమైన జవాబే కావచ్చు. 35కి 35 ఒకటే అంకె, పైగా శ్రద్ధ ప్రశ్న తప్పు, పైగా రెండు నిమిషాల్లో ముగించారు అంటే తీసేయండి. ఏ నియమాలతో తీసేస్తారో డేటా రాకముందే రాసిపెట్టుకోండి.

9. స్కోరు వేయడం, స్కేల్ పనిచేసిందా చూడటం

ఏడు భాగాలకి ఏడు స్కోర్లు. నాలుగు ప్రశ్నల భాగం 12కి, ఐదుది 15కి, ఏడుది 21కి. పోల్చాలంటే ప్రశ్నల సంఖ్యతో భాగించండి. 105కి మొత్తం వేయొచ్చు, కానీ దాన్ని ప్రధాన ఫలితంగా చూపించకండి. "ఇంతకు మించితే సిగ్గు ఎక్కువ" అనే గీత ఈ స్కేల్‌కి లేదు, మీరు కల్పించొద్దు.

నాలుగు ఎంపికల జవాబుల్ని నిరంతర అంకెలుగా తీసుకోకుండా వరస జవాబులుగా తీసుకుని ఫ్యాక్టర్ విశ్లేషణ (ఏ ప్రశ్నలు ఒక గుంపుగా నడుస్తున్నాయో చూసే లెక్క) చేయండి. ఆర్‌లోని లావాన్ ప్యాకేజీలో ఆ ప్రశ్నల్ని ఆర్డర్డ్ అని చెప్తే అలాంటి జవాబులకి తగిన డబ్ల్యూఎల్ఎస్ఎంవీ పద్ధతి వస్తుంది. ఆ లెక్క డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే అంకెల్లో సీఎఫ్ఐ 0.95 దగ్గర, ఆర్ఎంఎస్ఈఏ 0.06 దగ్గర ఉంటే బాగుందంటారు, అయితే ఆ హద్దులు వేరే రకం డేటా మీద కట్టినవి కాబట్టి అవే వేదం అనుకోకండి. ఒక భాగంలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే ఆల్ఫాతో పాటు ఒమేగా కూడా ఇవ్వండి. రెండు వారాల తర్వాతి జవాబులు మొదటివాటితో ఎంత కలిశాయో చెప్పే ఐసీసీ 0.7 దాటాలి.

ఆల్ఫా 0.95 దాటితే సంతోషించకండి. ఒకే ప్రశ్నని ఐదుసార్లు అడిగినట్టుందేమో చూడండి. జపనీస్‌లో బయటి సిగ్గు ప్రశ్నలన్నీ "తక్కువగా చూస్తారు" అన్న ఒకే క్రియతో ముగిసినా ఇలా అవుతుంది.

10. తరచూ వచ్చే తిప్పలు, వాటికి మందు

- వైఖరి ప్రశ్నలన్నిటికీ 0, సిగ్గు ప్రశ్నలకి 2, 3: "మావాళ్లు మంచివాళ్లే, కానీ నాకొస్తే మాత్రం..." అన్న జవాబు ఇది. తప్పు డేటా కాదు, మీ ఫలితమే అది. రెండిటి తేడాని విడిగా విశ్లేషించండి.
- కుటుంబం మీద పడే సిగ్గు, లోపలి సిగ్గు ఒకే ఫ్యాక్టర్‌లో కలిసిపోయాయి: ముందు వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. అనువాదం సరిగ్గానే ఉంటే ఆ కలయికని దాచకుండా రాయండి.
- చాలామంది 0 దగ్గరే ఉన్నారు: సగటు, ఎస్‌డీ (జవాబులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) మాత్రమే ఇవ్వకండి, ఒక్కో ఎంపికకి ఎంతమందో పట్టిక పెట్టండి.
- మగవాళ్లు తక్కువ స్కోరు చేశారు: "మగవాళ్లకి సిగ్గు తక్కువ" అనేసే ముందు ఆ ప్రశ్నలు ఇద్దరికీ ఒకేలా పనిచేశాయా అన్న ఇన్వేరియన్స్ పరీక్ష చేయండి. సీఎఫ్ఐ 0.01 కంటే ఎక్కువ పడిపోతే సగటులు పోల్చొద్దు.

ఇదే మాట దేశాల పోలికకీ. తెలుగు విద్యార్థుల్ని, జపనీస్ విద్యార్థుల్ని ఒకే గ్రాఫ్ మీద పెట్టాలన్న కోరిక అందరికీ ఉంటుంది, గైడ్లకి మరీను. స్కేలార్ ఇన్వేరియన్స్ (ఒకే స్థాయి సిగ్గు ఉన్నవాళ్లు రెండు చోట్లా ఒకే మార్కు పెడతారన్న ఆధారం) దొరక్కపోతే ఆ గ్రాఫ్ గీయకండి. అప్పుడు కూడా ఒక్కో దేశం లోపల ఏ భాగం దేనితో ముడిపడి ఉందో, ఉదాహరణకి సాయం అడగకపోవడం లోపలి సిగ్గుతో ముడిపడిందా, కుటుంబం మీద పడే సిగ్గుతోనా అన్నది, చూడొచ్చు.

11. రాసేటప్పుడు

"జపనీయులు ఇలా అంటారు" అని రాయకండి, మీరు అడిగింది ఫలానా నెలలో ఫలానా సైటు ద్వారా దొరికిన మనుషుల్ని. ఏడు భాగాల స్కోర్లు, తీసేసిన వరసల సంఖ్య, తీసేసిన కారణం, మార్చిన ప్రశ్నలు, అనువాదంలో పక్కన పెట్టిన మాటలు అన్నీ అనుబంధంలో పెట్టండి. జపనీస్ ప్రశ్నాపత్రం మొత్తం అచ్చువేయడానికి అనుమతి ఉందో లేదో మళ్లీ ఒకసారి అడగండి. జవాబులిచ్చినవాళ్లలో ఎవరైనా ఫలితాలు కావాలని గడిలో గుర్తు పెట్టి ఉంటే, జపనీస్‌లో ఒక పేజీ రాసి ముందు వాళ్లకి పంపించండి, పేపరు సంగతి ఆ తర్వాత.